నాటింది నలభై మంది, నీళ్లు పోసేది నలుగురం

ప్రశ్న: మూడేళ్ల కిందట మా కాలనీ ఖాళీ స్థలంలో నలభై మందిమి కలిసి మందు మొక్కలు, అడవి చెట్లు మూడు వందల దాకా నాటాం. చిన్న బొటానికల్ గార్డెన్‌లా తయారుచేయాలని ఆశ. ఇప్పుడు నలుగురమే మిగిలాం. గ్రూపులో మెసేజ్ పెడితే అందరూ సరే అంటారు, ఆదివారం ఎవరూ రారు. బోర్డులు వెలిసిపోయి ఏది ఏ మొక్కో మాకే తెలియడం లేదు. ఎండాకాలం తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: తోటని వదిలేయకండమ్మా. కానీ మూడు వందల మొక్కల్నీ నలుగురే మోయాలనుకోవడం మానేయండి. ముందు తోటంతా ఒకసారి తిరిగి, నీళ్లు పోయకపోతే చచ్చిపోయేవి ఏవో, వాటి మానాన అవి బతికేవి ఏవో విడదీయండి. మూడేళ్ల వేప, కానుగ, నేరేడు వేళ్లు ఈపాటికి లోతుకి దిగి ఉంటాయి, వాటికి వెడల్పుగా పాదు చేసి వారం పది రోజులకోసారి నిండా తడిపితే చాలు. రోజూ చెంబెడు పోస్తే పైమట్టి తడుస్తుందే తప్ప వేరుకి అందదు. కలబంద, నల్లేరు గురించి బెంగే వద్దు. వస, సరస్వతి ఆకు మాత్రం తడి లేకపోతే నిలవవు, వాటిని కుళాయి నీళ్లు పారే చోటికి మార్చేయండి. రాలిన ఆకులు కాల్చొద్దు, మొదలుకి ఆనకుండా పాదుల్లో పరవండి.

ఇక మనుషుల సంగతి. "ఆదివారం అందరూ రండి" అంటే ఎవరికీ చెప్పనట్టే. నేను పనిచేసిన తోటలోనూ ఇలాగే జరిగింది, అప్పుడు ఇంటికి పది మొక్కల చొప్పున అప్పగించేశాం, వాళ్లకి ఎప్పుడు వీలైతే అప్పుడు, బుధవారం సాయంత్రమైనా సరే. మోకాళ్ల నొప్పులతో వంగలేని ఒక పెద్దాయన నోటుపుస్తకం పట్టుకుని ఏ చెట్టు ఎప్పుడు పూసిందో, ఏది ఎండిందో రాసేవారు. తర్వాత ఏ అనుమానం వచ్చినా ఆ పుస్తకమే తీసేవాళ్లం. గోతులు తవ్వడం, కొమ్మలు కొట్టడం లాంటి బరువు పనులకి చందాలు వేసుకుని కూలికి మనిషిని పెట్టుకోండి, అందులో తప్పేమీ లేదు.

వచ్చినవాళ్లకి మాత్రం మొక్కల్ని చూపించండి. మా దగ్గర ఒకసారి కొత్తగా వచ్చిన పిల్లలు కలుపు తీయమంటే నేల ఉసిరి మొత్తం పీకి కుప్ప పెట్టారు. తిట్టలేదు, ఒక రెమ్మ తిరగేసి ఆకుల కింద ఆవగింజల్లా వరసగా వేలాడే కాయల్ని చూపించాను. మరుసటి వారం ఆ పిల్లలే దాన్ని వెతుక్కుంటూ వచ్చారు. పేరు తెలిసిన మొక్క మీద మనిషికి మమకారం వస్తుంది, ఇది నేను కళ్లారా చూసిన మాట.

అందుకే బోర్డుల పని వాయిదా వేయొద్దు. అల్యూమినియం రేకు ముక్క మీద సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా ఒత్తి రాస్తే అక్షరాలు లోపలికి దిగి ఎండకి వెలవవు. చెట్టుకి మేకు కొట్టకండి, తీగ బిగించి కట్టకండి, మాను లావయ్యే కొద్దీ బెరడులోకి దిగిపోతుంది. తెలుగు పేరు పైన పెద్దగా, శాస్త్రీయ నామం కింద. మీ పక్కనే సామర్లకోటలో 1780లలో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ డాక్టర్ తోట వేసి, మన చిత్రకారులతో మొక్కల బొమ్మలు గీయించాడు. 1795 నుంచి అచ్చయిన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో తెలుగు పేర్లూ ఉన్నాయి. సోమిద చెట్టునైతే ఈరోజుకీ ప్రపంచమంతా శాస్త్రీయ నామంలో సోయ్‌మిడా అనే పిలుస్తుంది, అది మన పేరే. దొరికితే ఒక సోమిద మొక్క తప్పకుండా నాటండి.

ఫలానా జబ్బు తగ్గిస్తుందని మాత్రం బోర్డు మీద రాయొద్దు, ఎవరో ఒకరు ఆకు కోసుకుని తినేస్తారు. గన్నేరు, గురివింద, ముష్టి ఉంటే వాటికే ముందు బోర్డులు పెట్టండి, ఎర్ర అక్షరాలతో "విషం, నోట్లో పెట్టుకోవద్దు" అని. గురివింద గింజలు చూస్తే పిల్లలు ఏరుకోకుండా ఉండలేరు, ఆ తీగ దారి పక్కన ఉంటే ఈ ఆదివారమే తీసేయండి.