మాస్టారికి అహంకారం అంటించకు

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ నాటకం స్క్రిప్టు అందింది. రెండుసార్లు చదివాను, మొదటిసారి పడక్కుర్చీలో, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. పెన్సిల్‌తో చదివినప్పుడు ఒక లెక్క తేలింది. "మాస్టారికి అహంకారం ఎక్కువ" అన్న మాట నాటకంలో ఏడుసార్లు వచ్చింది. భార్య ఒకసారి అంటుంది. కొడుకు రెండుసార్లు, పక్కింటాయన రెండుసార్లు అంటారు. పాలు పోసే మనిషి కూడా ఒకసారి అనేసి వెళ్తాడు. ఏడోసారి చివరి సీన్లో మాస్టారే తన గురించి తాను అనుకుంటాడు.

మొన్న ఫోన్లో అడిగావు కదా, "ట్రాజెడీ హీరోకి ఒక లోపం ఉండాలంటారు, నేను అహంకారం పెట్టాను, సరిపోతుందా బాబాయి గారూ?" అని. పులుసులో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగావు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతాను.

ఈ లోపం అన్న మాట మనకు అరిస్టాటిల్ దగ్గర్నుంచి వచ్చింది. ఆయన వాడిన గ్రీకు మాట హమార్తియా. ఈటె విసిరితే గురి తప్పిందనడానికి కూడా ఆ క్రియాపదమే వాడేవాళ్లు. అంటే ఒక మనిషి ఒకచోటికి గురిపెట్టి వదిలాడు, అది ఇంకోచోట తగిలింది. ఇందులో మనిషి చేసిన పని ఉంది, ఆ పనికి ముందు ఒక ఉద్దేశం ఉంది. తర్వాత వచ్చిన పాఠ్యపుస్తకాలు దాన్ని మనిషి ఒంటిమీది మచ్చలాగా మార్చేశాయి. షేక్‌స్పియర్ హీరోల్లో ఒథెల్లోకి అసూయ, మాక్‌బెత్‌కి అధికార దాహం, హామ్లెట్‌కి తటపటాయింపు అని మార్కుల కోసం బట్టీ పట్టించాయి. పరీక్ష రాయడానికి అది పనికొస్తుంది. నాటకం రాయడానికి పనికిరాదు.

ఇది నాకు పుస్తకం చదివి తెలియలేదు. నీ వయసులో ఒక పరిషత్తు పోటీకి నాటకం రాశాను. హీరో తాగుబోతు. పెళ్లాన్ని కొడతాడు, పొలం అమ్ముకుంటాడు, చివరికి చెరువు గట్టున చచ్చిపోతాడు. తాగుడే అతని లోపం అని నాకు ఎంత గర్వమో! ఆఖరి సీన్లో మా నటుడు ప్రాణం పెట్టి చేశాడు. లైట్లు ఆరిపోతుండగా ముందు వరసలోంచి ఒక ముసలమ్మ గట్టిగా "పీడ వదిలింది" అంది. హాలంతా నవ్వు. నేను తెర వెనకనుంచి అలాగే టీ కొట్టుకి వెళ్లిపోయాను.

ఆ ముసలమ్మ అరిస్టాటిల్‌ని చదివి ఉండదు, కానీ ఆయన చెప్పిందే చెప్పింది. చెడ్డవాడు చెడిపోతే జాలి కలగదు. మరీ మంచివాడు ఏ కారణం లేకుండా నాశనమైతే చూడటానికి రోతగా ఉంటుంది. మధ్యలో ఉన్నవాడు, మనలాంటివాడు, ఒక పొరపాటు వల్ల పడిపోవాలి. ఆయన ఇలా రాస్తూ ముందుగా చెప్పిన పేరు ఈడిపస్.

నువ్వు సొఫొక్లిస్ నాటకం కథ చదివానన్నావు, నాటకం చదవలేదు. చదువు. తండ్రిని చంపడం, తల్లిని పెళ్లాడటం రెండూ నాటకం మొదలవకముందే జరిగిపోయాయి. స్టేజీ మీద ఈడిపస్ చేసే పని ఒక్కటే, విచారణ. థీబ్స్ ఊరికి మహమ్మారి పట్టుకుంది. పాత రాజు లాయస్‌ని చంపినవాణ్ణి వెళ్లగొడితే పోతుందని డెల్ఫీలోని అపోలో దేవుడి గుడి నుంచి కబురొచ్చింది. జనం రాజు గడప దగ్గర కూర్చుని ఉన్నారు. ఈడిపస్ ఆ హంతకుణ్ణి శపిస్తాడు. వాడు తన ఇంట్లోనే ఉన్నా, తనకు తెలిసి ఉన్నా, ఆ శాపం తనకూ తగలాలంటాడు. మంచి రాజు అనాల్సిన మాటే అది.

అక్కడినుంచి ఒక్కొక్కరూ అతన్ని ఆపాలని చూస్తారు. గుడ్డివాడైన జోస్యుడు తైరీసియస్ చెప్పనంటాడు, బలవంతపెడితే చెబుతాడు. భార్య జొకాస్టా ధైర్యం చెప్పబోతుంది. "జోస్యాలు ఎవడు నమ్మమన్నాడు? లాయస్ కొడుకు చేతిలో పోతాడన్నారు, మూడు దారులు కలిసేచోట దొంగల చేతిలో పోయాడు" అంటుంది. ఊరడించడానికి అన్న ఆ మాటలో 'మూడు దారులు' ఈడిపస్ చెవిలో పడతాయి. అలాంటి చోటే తానొక ముసలాణ్ణి కొట్టి చంపాడు. ఈడిపస్ పెరిగిన కొరింథ్ ఊరి నుంచి వచ్చిన మనిషిదీ అదే వరస. తల్లిని పెళ్లాడతానేమో అని ఈడిపస్ భయపడుతుంటే, ఆ భయం తీర్చేద్దామని "వాళ్లు నీ కన్నవాళ్లు కారులే బాబూ, నిన్ను పసిగుడ్డుగా తెచ్చి ఇచ్చింది నేనే" అంటాడు. జొకాస్టాకి అర్థమైపోతుంది. ఇక అడగొద్దని బతిమాలుతుంది. ఈడిపస్ ఆగడు. గొర్రెల కాపరిని పిలిపిస్తాడు. ఆ ముసలాడు తాను చెప్పరాని మాట అంచుకి వచ్చేశానంటాడు. తాను వినరాని మాట అంచున ఉన్నాననీ, అయినా వినాల్సిందేననీ ఈడిపస్ జవాబిస్తాడు.

ఇప్పుడు చెప్పు, ఇతని లోపం ఏది? కోపమా? ఉంది, దారి ఇవ్వలేదని మనిషిని చంపినవాడు. కానీ స్టేజీ మీద అతన్ని ముంచింది కోపం కాదని నాకు అనిపిస్తుంది. ఊరిని పీడించిన స్ఫింక్స్ అనే రాక్షసి పొడుపుకథ విప్పినవాడు అతను. ఆ తెలివికే ఊరు అతన్ని రాజుని చేసింది. ముడి కనిపిస్తే విప్పకుండా ఉండలేడు. సింహాసనం ఎక్కించిందీ, కళ్లు పొడుచుకునేలా చేసిందీ అదే గుణం. (ఇంతటి నాటకానికి ఆ ఏడాది ఏథెన్స్ పోటీలో రెండో బహుమతే వచ్చిందంటారు. పరిషత్తు ఫలితాలొచ్చే రోజున గుర్తుపెట్టుకో.)

విమర్శకులు ఆడుకునే పాత ఆట ఒకటుంది. హామ్లెట్‌ని తీసుకెళ్లి ఒథెల్లో నాటకంలో పెట్టు. భార్య మీద అనుమానం రేపడానికి ఇయాగో చెప్పే ప్రతి మాటనూ తిప్పి తిప్పి చూస్తాడు, పది ప్రశ్నలు వేస్తాడు, ఆ భార్య డెస్డిమోనా బతికిపోతుంది. ఒథెల్లోని హామ్లెట్ నాటకంలో పెట్టు. తనను చంపింది నీ బాబాయే అని తండ్రి దయ్యం చెప్పిన రాత్రే ఆ బాబాయిని నరికేస్తాడు, మొదటి అంకంలోనే కథ కంచికి. ఇద్దరి గుణాలూ మంచివే, పడ్డ చోట్లు వేరు. ఒథెల్లో సేనాపతి. అనుమానం వస్తే వెంటనే తేల్చుకోవాలి అనేది యుద్ధంలో అతన్ని బతికించిన అలవాటు. ఆ అలవాటునే పడగ్గదిలోకి తెచ్చుకున్నాడు.

ఆ నాటకంలో చేతిరుమాలు సంగతి కూడా చూడు. అది ఇయాగో దొంగిలించింది కాదు. భర్తకు తలనొప్పిగా ఉందంటే డెస్డిమోనా దాన్ని నుదుటికి కట్టబోతుంది. చిన్నదిలే, వదిలెయ్ అంటాడు ఒథెల్లో. అది కింద పడుతుంది. ఇయాగో భార్య ఎమీలియా తీసి మొగుడికిస్తుంది. తన సంసారం కూల్చే వస్తువుని తనే నుదుటి మీదనుంచి తోసేసుకున్నాడన్నమాట. ఇలాంటి చోట రచయిత మాట్లాడడు, వస్తువు మాట్లాడుతుంది.

మాక్‌బెత్ జోలికి ఇప్పుడు వెళ్లొద్దు. అతను గురి తప్పలేదు, కళ్లు తెరిచే చేశాడు. అది వేరే విద్య, నాకింకా పూర్తిగా పట్టుబడలేదు.

నీ నాటకానికి దగ్గరివి తండ్రుల కథలు. కొడుక్కో కూతురికో శిక్ష వేసేసి, చేతులు కాలాక ఆకులు పట్టుకునే తండ్రులు. యూరిపిడిస్ రాసిన హిపొలిటస్‌లో థీసియస్ చనిపోయిన భార్య కొడుకు మీద నింద వేస్తూ రాసిపెట్టిన పలక చదివి, విచారించకుండానే కొడుకుని శపిస్తాడు. లియర్ మహారాజు ఎనభై దాటిన వయసులో, చిన్న కూతురు తియ్యగా మాట్లాడలేదని వెళ్లగొడతాడు. ఆ కూతురు కార్డీలియా చచ్చిపోయే ముగింపు భరించలేక 1681లో నాహమ్ టేట్ అనే ఆయన దాన్ని మార్చి రాశాడు. కార్డీలియా బతుకుతుంది, పెళ్లి కూడా జరుగుతుంది. ఇంగ్లండులో నూట యాభై ఏళ్లకు పైగా ఆ సుఖాంతాన్నే ఆడారు. మన ప్రేక్షకులకే మంగళం కావాలని అనుకోకు.

మనకూ అలాంటి తండ్రి ఉన్నాడు. రాజరాజ నరేంద్రుడు. సారంగధరుడి పావురం ఎగిరి వెళ్లి సవతి తల్లి చిత్రాంగి మేడ మీద వాలుతుంది, దానికోసం అతను వెళ్తాడు. తర్వాతి కథ నీకు తెలుసు, చిత్రాంగి నింద వేస్తుంది, రాజు కొడుకు కాళ్లూ చేతులూ నరికిస్తాడు. వేరే చోట్ల సిద్ధుడొచ్చి తెగిన కాళ్లూ చేతులూ మళ్లీ మొలిపిస్తాడు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు మాత్రం దాన్ని విషాదంగానే ముగించి 'విషాద సారంగధర' అని పేరు పెట్టారు. తెలుగులో తొలి విషాదాంత నాటకం అదే అంటారు. ఆ కథలో ట్రాజెడీ హీరో కొడుకు కాదు, తండ్రే అని నా అభిప్రాయం. కొడుకు ఏ తప్పూ చేయలేదు. కొడుకైనా సరే వదలను అనుకున్న రాజు న్యాయం చేస్తున్నాననుకుంటూ గురి తప్పాడు.

ఇక నీ మాస్టారి దగ్గరికి వద్దాం. ముప్పై ఏళ్ల సర్వీసులో ఎవరి సిఫారసూ వినని మనిషి. పరీక్ష హాల్లో సొంత కొడుకు చీటీ పెట్టుకుంటే పట్టుకుని బయటికి పంపాడు. ఊరంతా మెచ్చుకుంది. కొడుకు ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. ఇందులో అహంకారం ఎక్కడుందమ్మా? ఆయన నిజాయితీపరుడు. ఊళ్లో ఆయనకు దండలు వేయించిన నిజాయితీయే కొడుకు మీద పడింది. ఏడుసార్లు అహంకారం అని అంటించి నువ్వే ఆయన్ని చిన్నవాణ్ణి చేశావు. మా తాగుబోతుకి పట్టిన గతే పడుతుంది, జాగ్రత్త. ఆ ఏడు డైలాగులూ కొట్టెయ్. పాలవాడు పాలు పోసి వెళ్లిపోనీ.

రెండో మాట. ఆయనకు సరిదిద్దుకునే అవకాశం ఒకటి ఇవ్వు. సొఫొక్లిస్ యాంటిగొనిలో రాజు క్రేయాన్, తాను వద్దన్న శవాన్ని పూడ్చబోయిందని యాంటిగొనిని గుహలో మూయిస్తాడు. చివర్లో అతనికి బుద్ధి వస్తుంది. ముందు గుహలోంచి పిల్లని విడిపించు, తర్వాత శవాన్ని పూడ్చు అని పెద్దలు చెబుతారు. అతను శవం పని ముందు చూసుకుని గుహకి వెళ్తాడు. అప్పటికే ఆ పిల్ల ఉరేసుకుని ఉంటుంది. రెండు పనులూ చేశాడు, వరస తప్పింది. నీ మూడో సీన్లో కొడుకు రాత్రి పది గంటలకు ఫోన్ చేస్తే మాస్టారు ట్యూషన్ పేపర్లు దిద్దుతూ "రేపు చేస్తానని చెప్పు" అంటాడు చూశావూ, నాటకమంతా అక్కడే ఉంది. నువ్వు దాన్ని ఒక్క లైన్లో దాటించేశావు. అక్కడ ఆగు. ఆ పేపర్లు ఎవరివి, ఎన్ని మిగిలాయి, ఫోన్ ఎవరి చేతిలో ఉంది, అవన్నీ మాకు కనబడాలి.

చివరి సీన్లో మాస్టారి రెండు పేజీల పశ్చాత్తాపం తీసెయ్. నిజం తెలిశాక ఈడిపస్ తన స్వభావం మీద ఉపన్యాసం ఇవ్వడు. ఇదంతా చేయించింది అపోలో దేవుడు, కానీ కళ్లు పొడిచింది మాత్రం నా చెయ్యే అంటాడు. ముప్పై ఏళ్లు బ్లాక్‌బోర్డు దగ్గర మాట్లాడిన మనిషికి ఆ రాత్రి మాట రాకపోతే ఎలా ఉంటుందో రాసి చూడు. కష్టంగా ఉంటుంది. నటుడు కూడా గొణుగుతాడు, తన పెద్ద డైలాగు పోయిందని. గొణగనీ.

కొత్త ప్రతి సంక్రాంతి దాటాక పంపినా చాలు, తొందరేం లేదు. అన్నట్టు, మొదటి సీన్లో మాస్టారి పాత సైకిల్ గురించి అంత చెప్పావు, చైన్ కూడా ఆయనే వేసుకుంటాడన్నావు. కొడుకు వెళ్లిపోయాక అది మళ్లీ కనబడలేదు. వాడు తీసుకెళ్లాడా, వరండాలోనే ఉందా?

ఇట్లు,
మీ బాబాయి