తెలుగు టైపింగ్‌కి ఏ కీబోర్డు లేఅవుట్ నేర్చుకోవాలి?

డిగ్రీ అయిపోయింది, తెలుగు టైపింగ్ గట్టిగా నేర్చుకోవాలి, కంప్యూటర్లో పేజీలు కూర్చే డీటీపీ సెంటర్లలో నడిచే యాపిల్ లేఅవుట్టా, విండోస్‌లోనే ఉండే ఇన్‌స్క్రిప్టా, లేక ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే చాలా, కొత్త కీబోర్డు కొనాలా అని అడిగారు. మూడింటి మీదా పనిచేసినవాణ్ణి. నా మాట: ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి.

నేను మొదట చెయ్యి తిప్పింది యాపిల్ మీదే. తెనాలిలో ఒక డీటీపీ సెంటర్లో పెళ్లి కార్డులు, కరపత్రాలు కొట్టేవాణ్ణి. ఆ లేఅవుట్‌కి అలవాటుపడ్డవాళ్ల వేగం చూడ్డానికే ముచ్చటేస్తుంది. ప్రెస్సులో ఉద్యోగమే మీ లక్ష్యమైతే, మీ ఊరి ప్రెస్సుల్లో ఏది నడుస్తోందో కనుక్కుని అదే నేర్చుకోండి.

నేను మారడానికి కారణం ఒక పుస్తకం. రిటైరైన మాస్టారొకాయన తన ఊరి చరిత్ర రాసి మా దగ్గర టైపు చేయించుకున్నారు, 140 పేజీలు. నాలుగేళ్ల తర్వాత అమెరికాలో ఉన్న వాళ్లబ్బాయి నెట్లో పెడతానంటే ఫైలు పంపాం. అక్కడ తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటీ లేదు, అన్నీ ఇంగ్లిష్ ముక్కలు, పిచ్చి గుర్తులు. తప్పు లేఅవుట్‌ది కాదు, ఫాంటుది. పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టి నడిపిస్తాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో బొమ్మ పోయి, కింద దాక్కున్న ఇంగ్లిషే బయటపడుతుంది. యూనికోడ్ అంటే ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలోనూ ఒకే సంఖ్య ఇచ్చే పద్ధతి, అందులో క అంటే ఎక్కడైనా క-నే. పాత ఫైలుని యూనికోడ్‌లోకి కన్వర్టర్‌తో మార్చి చూశాం, వత్తులన్నీ చెదిరిపోయాయి. మాస్టారి ముఖం చూడలేక, మళ్లీ మొత్తం నేనే యూనికోడ్‌లో కొట్టి ఇస్తానన్నాను. ఇన్‌స్క్రిప్ట్‌తో కొడితే నేరుగా యూనికోడ్ అక్షరాలే పడతాయి. ఆ పుస్తకం కొడుతూనే దాన్ని నేర్చుకున్నాను.

ఇన్‌స్క్రిప్ట్‌ని 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ విభాగం భారతీయ భాషల కోసం తయారుచేయించింది. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి. వేళ్లు ఆనించే మధ్య వరస చూడండి. ఇంగ్లిష్ కె కీ మీద క, దాని పైన ఐ మీద గ. ఎల్ మీద త, పైన ఓ మీద ద. హెచ్ మీద ప, పైన వై మీద బ. చ పైన జ, ట పైన డ. షిఫ్ట్ పట్టుకుంటే ఖ, ఘ, థ, ధ వస్తాయి. ఎడమ చేతి వైపు ఎఫ్ మీద గుడి, పైన గుడి దీర్ఘం. జి మీద కొమ్ము, పైన కొమ్ము దీర్ఘం. చిన్నప్పుడు పలక మీద దిద్దిన వర్ణమాలే ఇది. కకు గుడిస్తే కి, కొమ్మిస్తే కు అని బళ్లో వల్లించిన వరసలోనే వేళ్లు కదులుతాయి. స్త్రీ కొట్టాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం, అంతే. పైగా కన్నడంలోనూ హిందీలోనూ క అదే కీ మీద ఉంటుంది.

ఒక్క ఇబ్బంది మాత్రం నిజం. ఎత్వం జెడ్ మీద, ఒత్వం ఎడమ పక్క పైన, 1 అంకెకి అవతల మూల కీ మీద ఉన్నాయి. హిందీకి వాటితో పనిలేదు, మనకేమో తెలుగు అన్న మాటలోనే ఎత్వం ఉంది. పాపం ఎడమ చిటికెన వేలు మొదట్లో కొన్నాళ్లు నొప్పెడుతుంది.

ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టడం వాట్సాప్ మెసేజ్‌కి హాయిగా ఉంటుంది, కాదనను. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంది. కానీ పేజీలకు పేజీలు కొట్టేటప్పుడు మనసులో తెలుగు మాట, వేళ్లకి ఇంగ్లిష్ స్పెల్లింగ్, మధ్యలో ఒక మెట్టు అడ్డం. సూచనలు చూపించే టూల్స్‌లో పాట కావాలా, పాత కావాలా అని జాబితాలో వెతుక్కోవాలి. షిఫ్ట్ పట్టుకుని పెద్ద అక్షరం కొడితేనే ళ పడే టూల్స్‌లో కాస్త పరాకుపడితే పెళ్లి కాస్తా పెల్లి అవుతుంది. మాస్టారి పుస్తకం మొదటి పది పేజీలు అలాగే కొట్టి, దిద్దలేక విసిగిపోయాను.

తెలుగు కోసమని ప్రత్యేకంగా కొత్త కీబోర్డు అక్కర్లేదు. ల్యాప్‌టాప్ అయితే మామూలు పెద్ద సైజు యూఎస్‌బీ కీబోర్డు విడిగా తగిలించుకోండి, మణికట్టుకి సుఖం. డబ్బుంటే మెకానికల్ తీసుకోండి. నేను టీవీఎస్ గోల్డ్ వాడతాను, టకటకమనే ఆ చప్పుడే అక్షరం పడిందని చెబుతుంది. కీల మీద తెలుగు స్టిక్కర్లు మాత్రం అంటించకండి, చూపు కిందే ఉండిపోతుంది. లేఅవుట్ ప్రింటు తీసి మానిటర్ పక్కన పెట్టుకోండి. ఎఫ్, జె కీల మీద చిన్న గీతలు వేలికి తగులుతాయి, చూపుడు వేళ్లు అక్కడ ఆనాలి.

విండోస్ సెట్టింగ్స్‌లో తెలుగు భాష చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ వచ్చేస్తుంది, విండోస్ కీ పట్టుకుని స్పేస్ నొక్కితే భాష మారుతుంది. మొదటి వారం మధ్య వరస దాటకండి. పేరు, చేప, తోట, కోతి, కుక్క, పిట్ట, పుట్ట, ఇవన్నీ చేతులు కదలకుండా ఆ ఒక్క వరసలోనే పడతాయి. తర్వాత పై వరస, ఆఖర్న కింది వరస. రోజుకి అరగంట చొప్పున నాకు నెలన్నర పట్టింది చూడకుండా కొట్టడానికి.

ఇంకొకటి, నాకెవరూ చెప్పక చాలా రోజులు తిప్పలుపడ్డాను. సాఫ్ట్‌వేర్ అని కొడితే ట కింద వ వత్తు పడి సాఫ్ట్వేర్ అయిపోతుంది. విండోస్‌లో ట, పొల్లు కొట్టాక కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని 2 నొక్కి, అప్పుడు వ కొట్టండి. ట్ పొల్లుగానే నిలబడుతుంది.