కంటి కణాల శక్తికి మాత్రలు వాడవచ్చా?

ప్రశ్న: నా వయసు 62. లైటు ఆర్పాక గదిలో వస్తువులు పోల్చుకోవడానికి ఈమధ్య చాలాసేపు పడుతోంది. రెండు కళ్ళలోనూ డ్రూసెన్ అనే మడ్డి చుక్కలు ఉన్నాయని, మాక్యులా (రెటీనా నడిమి భాగం) క్షీణత మధ్య దశలో ఉందని డాక్టరు చెప్పారు. కణాల్లో శక్తి తగ్గడం వల్లే ఇదంతా అని, ఎన్‌ఏడీ (కణాలు శక్తి తయారీకి వాడే పదార్థం) పెంచే మాత్రలతో చూపు తిరిగొస్తుందని తెలిసినవాళ్ళు అంటున్నారు. వాడమంటారా? – ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. వాళ్ళు చెప్పిన కారణంలో నిజం ఉంది, మందు విషయంలోనే తొందరపడుతున్నారు.

బరువుతో పోల్చి చూస్తే, ఒంట్లో అత్యధికంగా శక్తి ఖర్చుచేసే భాగాల్లో రెటీనా, అంటే కంటి వెనక వెలుతురును పట్టే పొర, ఒకటి. అందులో మసక వెలుతురులో చూపునిచ్చే రాడ్ కణాలకు చీకట్లోనే ఖర్చెక్కువ. వెలుతురు లేనంతసేపూ వాటిలోకి సోడియం వస్తూనే ఉంటుంది, దాన్ని బయటికి తోడుతూనే ఉండాలి. వాటి వెనకే ఆర్‌పీఈ అనే పొర ఉంటుంది. ఇన్నేళ్ళుగా కళ్ళు చూస్తున్నా, ఆ పొర చేసే చాకిరీ తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే! రాడ్ కణాలు రోజూ తమ కొనల్లో సుమారు 10 శాతం రాల్చేస్తాయి. ఆర్‌పీఈ వాటిని మింగి అరిగించుకుంటుంది. ఆ కొవ్వును తను ఇంధనంగా వాడుకుని, రక్తంలోంచి వచ్చే గ్లూకోజును చూపు కణాలకు వదిలేస్తుంది. చీకట్లో చూడటానికి కావలసిన విటమిన్ ఎ‌ని మళ్ళీ తయారుచేసి ఇచ్చేదీ అదే. వయసుతో దాని మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారుచేసే భాగాలు) దెబ్బతింటే ఈ పనులన్నీ కుంటుపడతాయి. దాని అడుగున పేరుకునే మడ్డే డ్రూసెన్. చీకటికి మీ కళ్ళు ఆలస్యంగా అలవాటు పడటం కూడా ఈ జబ్బులో తరచుగా కనిపించేదే.

ఇక మాత్రలు. ఎన్‌ఏడీ పెంచే నికోటినమైడ్ ఎలుకల్లో గ్లాకోమాను (నీటికాసులు) అడ్డుకుందని 2017లో తేలింది. అది వేరే జబ్బు. మీ జబ్బులో పోయిన చూపును ఈ మాత్రలు తెచ్చిపెడతాయని మనుషుల్లో రుజువు కాలేదు.

మధ్య దశలో రుజువైనది ఏఆర్‌ఈడీఎస్ 2 అనే విటమిన్లు, ఖనిజాల మిశ్రమం. విటమిన్ సి, ఇ, జింక్, రాగి, ల్యూటిన్, జియాజాంథిన్ ఉంటాయి. దీని పాత రకం మీద 2001లో వెలువడిన మొదటి అధ్యయనంలో, జబ్బు ముదిరే ప్రమాదం అయిదేళ్ళలో పావు వంతు తగ్గింది. పోయిన చూపును ఇది కూడా తిరిగి తీసుకురాలేదు. మీ డాక్టరును అడిగి మొదలుపెట్టండి. సిగరెట్ అలవాటుంటే ఈరోజే మానెయ్యండి. పొగతాగేవాళ్ళు, మానేసినవాళ్ళు బీటా కెరోటిన్ ఉన్న పాత రకం మాత్రలు వాడకూడదు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఉంది.

ఇంకొక్కటి, తప్పకుండా చేయండి. మధ్యలో చుక్క ఉన్న గళ్ళ కాగితం గోడకు అంటించి, చదివే కళ్ళజోడు పెట్టుకుని, ఒక కన్ను మూసి, మధ్య చుక్కనే చూడండి. తర్వాత రెండో కన్ను. గీతలు కొత్తగా వంకర్లు పోయినా, ఏ గడైనా మాయమైనా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. జబ్బు తడి రకంలోకి (రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి కారే రకం) మారి ఉండొచ్చు. కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లు ఎంత త్వరగా మొదలైతే అంత చూపు నిలుస్తుంది.