క్వాంటమ్ అన్న బోర్డు చూసి సీటు కొనకండి

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడ హాస్టల్లో ఉండి ఎంపీసీ సెకండియర్ చదువుతోంది. ఐసర్‌లో (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ) ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ చేసి, కాంతి కణాల మీద పనిచేసే క్వాంటమ్ ఆప్టిక్స్‌లోనో, ఘన పదార్థాల లక్షణాలు చూసే కండెన్స్‌డ్ మ్యాటర్‌లోనో రీసెర్చ్ చేస్తానంటోంది. అమరావతికి క్వాంటమ్ వ్యాలీ (క్వాంటమ్ కంప్యూటర్ల టెక్ పార్కు) వస్తోంది కదా, ఇక్కడే క్వాంటమ్ స్పెషలైజేషన్‌తో బీటెక్ చేస్తే మంచి ప్యాకేజీ రాదా? ఏది మేలు?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: పీహెచ్‌డీ అంటూ ముప్పై ఏళ్లు వచ్చినా మీ మీదే ఆధారపడుతుందేమో, పెళ్లి ఆలస్యమవుతుందేమో. మీ అసలు బెంగ ఇదే కదండీ? బీఎస్-ఎంఎస్ అయ్యేసరికి 22, 23 ఏళ్లు. పీహెచ్‌డీకి జేఆర్‌ఎఫ్ (ప్రభుత్వ పరిశోధన ఫెలోషిప్) వస్తే రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ వేరే. మీరు పంపాల్సింది ఆవకాయ జాడీయే. ఒక్కోసారి ఫెలోషిప్ నెలల తరబడి రాదు, అందుకని కాస్త డబ్బు పక్కన ఉంచండి.

ఇక క్వాంటమ్ బీటెక్. అమరావతికని 2025లో ప్రకటించిన ఐబీఎం క్వాంటమ్ కంప్యూటర్ 156 క్యూబిట్లది (మామూలు కంప్యూటర్లో బిట్ లాంటిదే ఇందులో క్యూబిట్). అలాంటి చిప్ సుమారు 15 మిల్లీకెల్విన్ (దాదాపు మైనస్ 273 డిగ్రీల) చలిలో పనిచేస్తుంది, దానికి ఆదేశాలు మైక్రోవేవ్ సంకేతాలుగా వెళ్తాయి. అక్కడ కావాల్సింది క్రయోజెనిక్స్ (అతి శీతల సాంకేతికత), మైక్రోవేవ్ ఎలక్ట్రానిక్స్, లీనియర్ ఆల్జీబ్రా తెలిసినవాళ్లు. కాలేజీ వాళ్లను నాలుగేళ్ల సిలబస్ అడగండి. మామూలు సీఎస్‌ఈకి రెండు ఎలక్టివ్‌లు అతికించి ఉంటే ఆ బోర్డుకు అదనపు ఫీజు ఎందుకు కడుతున్నట్టు? ఊళ్లోకి యంత్రం వస్తోందని ఊరంతా ఆ కోర్సే చదవాలా?

పని ఎలా ఉంటుందో అమ్మాయికి తెలియాలి. క్వాంటమ్ ఆప్టిక్స్ ల్యాబ్‌లో 405 నానోమీటర్ల లేజర్‌ను బీబీఓ స్ఫటికం మీద వేస్తే, ఎప్పుడో ఒక ఫోటాన్ (కాంతి కణం) రెండుగా చీలి 810 నానోమీటర్ల జంట వస్తుంది. రెండు డిటెక్టర్లూ కొన్ని నానోసెకన్ల లోపు కలిసి మోగితేనే లెక్క. ఏసీ తేడాకు అద్దం వెంట్రుకవాసి కదిలినా ఫైబర్లోకి వెలుతురు తగ్గి, పొద్దున వచ్చిన కౌంట్లు మధ్యాహ్నానికి పడిపోతాయి. కండెన్స్‌డ్ మ్యాటర్‌లో రెసిస్టెన్స్ కొలవడానికి మిల్లీమీటరంత స్ఫటికానికి మైక్రోస్కోప్ కింద సిల్వర్ పేస్ట్‌తో నాలుగు సన్నటి తీగలు అంటిస్తారు: బయటి రెంటిలో కరెంటు, లోపలి రెంటి మధ్య వోల్టేజి. హీలియం చలికి ఒక్క అతుకు ఊడితే క్రయోస్టాట్ (ఆ చలిని నిలిపే పాత్ర) వేడెక్కేదాకా ఆగి మళ్లీ మొదటికి. దీనికి చిరాకు పడని మనిషి కావాలి, ర్యాంకు తర్వాత సంగతి.

ఇక అమ్మాయి చెప్పిన ఆ రెండు రంగాల్లో ఏది అన్న సంగతి. ఉద్యోగాలకైతే సెమీకండక్టర్లు, సెన్సర్ల వల్ల కండెన్స్‌డ్ మ్యాటర్‌కు దారులు ఎక్కువ. ఫ్యాకల్టీ కావాలంటే మాత్రం ఎటు వెళ్లినా ఒకటి రెండు పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు) తప్పవు. రెంటిలో ఏదన్నది ఐదో ఏడాది థీసిస్ దాకా తేల్చనక్కర్లేదు. బీటెక్ చేసినా కొన్ని సంస్థలు ఫిజిక్స్ పీహెచ్‌డీలోకి తీసుకుంటాయి కాబట్టి ఆ తలుపూ మూసుకుపోదు.

ఒక మాట అంటాను, ఏమనుకోకండి. ఉత్తరంలో ప్యాకేజీ ఉంది, వ్యాలీ ఉంది. అమ్మాయి ఫిజిక్స్ ఎందుకు కావాలంటోందో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు? ఆదివారం హాస్టల్‌కు వెళ్లినప్పుడు వీక్లీ టెస్ట్ మార్కులు పక్కనపెట్టి అదే అడగండి. ఐసర్ ప్రవేశ పరీక్ష ఐఏటీకి విడిగా దరఖాస్తు చేయాలి. అందులో 60 ప్రశ్నల్లో 15 బయాలజీవి. ఎంపీసీ పిల్లలు అక్కడే దెబ్బతింటారు, ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ పుస్తకాలు రెండూ వెంట పట్టుకెళ్లండి.