కొత్తగా ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ హౌస్ ఆఫీసర్) అయిన మేనకోడలికి

అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

ఇన్నాళ్ళూ రెండో ఎస్‌ఐగా ఉన్న నీకు సొంతంగా స్టేషన్ ఇచ్చారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. దర్యాప్తు ఎలా చెయ్యాలో అకాడమీలో చెప్పారు, మిగతాది పనిలో నేర్చుకున్నావు. నీకంటే వయసులో, సర్వీసులో ఎంతో పెద్దవాళ్ళయిన హెడ్ కానిస్టేబుళ్ళ చేత పని చేయించడం మాత్రం ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ఆ సంగతి రాయమన్నావు కదా, నాకు తోచింది రాస్తున్నాను.

ముందు డ్యూటీ చార్ట్ నీ చేతిలోకి తీసుకో. కొత్తగా వచ్చిన వాళ్ళలో చాలామంది దాన్ని స్టేషన్ రాతపని చూసే రైటర్‌కి వదిలేసి కింద సంతకం పెడతారు. అలా వదిలేస్తే స్టేషన్ నడిపేది రైటరే. వెళ్ళిన వారంలోనే గత మూడు నెలల చార్టులు తెప్పించి చూడు. రాత్రి సెంట్రీ ఎప్పుడూ ఎవరికి పడుతోంది, కోర్టు డ్యూటీ వదలకుండా ఎవరు పట్టుకున్నారు, పండగ బందోబస్తు వచ్చినప్పుడల్లా ఎవరు తప్పించుకుంటున్నారు, అన్నీ అందులోనే ఉంటాయి. నువ్వు రోల్ కాల్‌లో ఎంత బాగా మాట్లాడినా సిబ్బంది నిన్ను ఆ చార్టును బట్టే అంచనా వేస్తారు. కష్టమైన డ్యూటీలు వంతులవారీగా వేసి, చార్ట్ అందరికీ కనబడేలా గోడకి అంటించు. మార్చాల్సి వస్తే ఎందుకు మార్చావో ఆ మనిషికి నువ్వే చెప్పు.

సెలవు కూడా అంతే. అడిగిన వాడికి ఇస్తావో లేదో అప్పుడే చెప్పెయ్. కుదరకపోతే ఏ రోజు కుదురుతుందో చెప్పు. ‘చూద్దాం’ అని పంపిస్తే వాడు రెండు రోజులు టెన్షన్ పడి మూడో రోజు సిక్ పెడతాడు. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులకి వీక్లీ ఆఫ్ అని 2019లోనే ప్రకటించారు. అది సరిగ్గా అమలు కావడానికి మనుషులు చాలరంటారు, నిజమే. అయినా ఉన్నవాళ్ళతోనే వంతులు కుదిర్చి ఇచ్చే ఎస్‌హెచ్‌ఓ మాట ఒకలా చెల్లుతుంది, ఇవ్వని వాళ్ళ మాట ఇంకోలా చెల్లుతుంది.

రాత్రి గస్తీ వాళ్ళు ఒక్కో పాయింట్ దగ్గర టైము రాసి సంతకం పెట్టే బీట్ పుస్తకాలు చూడు. ఒకటి చెప్తాను, గుర్తుపెట్టుకో. రెండు, రెండున్నర, మూడు, మూడున్నర అని సరిగ్గా అరగంటకొక సంతకం, అన్నీ ఒకే ఇంకు, ఒకే వాలు, ఒక్క కొట్టివేత కూడా లేకపోతే ఆ సంతకాలన్నీ ఒకే కుర్చీలో పడ్డాయన్నమాట. నిజంగా తిరిగిన వాడి పుస్తకంలో రెండు పది ఉంటుంది, మూడుంబావు ఉంటుంది, వానకి తడిసిన పేజీ ఉంటుంది. దొరికాడు కదా అని మర్నాడు పదిమందిలో నిలబెట్టి తిట్టకు. ఆ రాత్రే నువ్వూ బయల్దేరి మూడో పాయింట్ దగ్గర నిలబడు. వాడు వస్తే కాసేపు మాట్లాడి పంపెయ్, రాకపోతే పొద్దున గదిలోకి పిలిచి అడుగు. నెలలో నాలుగైదు సార్లు, ఏ రోజు వస్తావో ఎవరికీ తెలియకుండా ఇలా చేస్తే చాలు. రోజూ చేస్తే నువ్వే అలసిపోతావు.

ఇక లాకప్ సంగతి. ఉద్యోగాలు పోయేదీ, ప్రాణాలు పోయేదీ ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలని నీకు తెలుసు. అరెస్టు మెమో, బంధువులకి కబురు, వైద్య పరీక్ష ఇవన్నీ డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. కాగితం ఉన్న మనిషి వల్ల పెద్దగా ప్రమాదం రాదు. ‘ఊరికే విచారణకి పిలిచాం మేడమ్’ అంటూ, స్టేషన్లో జరిగేదంతా టైముతో సహా రాసే జనరల్ డైరీ (జీడీ)లో ఎంట్రీ లేకుండా వెనక గదిలో కూర్చోబెట్టిన మనిషి వల్లే వస్తుంది. అందుకే స్టేషన్లోకి అడుగు పెట్టగానే నీ సీటు దగ్గరికి వెళ్ళకు. ముందు అన్ని గదులూ తిరుగు. కనబడిన ప్రతి మనిషినీ ఎవరు, ఎప్పుడొచ్చారు, ఎవరు పిలిచారు అని అడుగు. ఆ టైము జీడీలో ఉందో లేదో చూడు.

కెమెరాలు కూడా నువ్వే చూసుకోవాలి. అన్ని స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబరులో చెప్పిన సుప్రీంకోర్టు, వాటి పనితీరుకి ఎస్‌హెచ్‌ఓనే బాధ్యుడన్నది. తెర మీద బొమ్మ కనబడితే సరిపోదు. నెల కిందటి రికార్డింగ్ తీసి చూడు, తేదీ, టైము సరిగ్గా ఉన్నాయో లేదో చూడు. పాడైతే అదే రోజు పైకి రాసి పంపు.

నీ ఎదురుగా ఒక కానిస్టేబుల్ చెయ్యెత్తితే, నువ్వు చూసీచూడనట్టు ఫైల్లో తల దూర్చితే, మిగతావాళ్ళందరికీ అనుమతి ఇచ్చేసినట్టే. ఆ క్షణమే ‘చాలు, ఇవతలికి రా’ అనాలి. అంతేకాదు, నువ్వు హద్దు దాటితే ఆపే హక్కు వాళ్ళకీ ఉందని రోల్ కాల్‌లో నోరు తెరిచి చెప్పు. అమెరికాలో 2020లో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయినప్పుడు అతన్ని అదిమి పట్టుకున్న వాళ్ళలో ఇద్దరు ఉద్యోగంలో చేరి కొద్ది రోజులే అయిన కుర్రాళ్ళు. అందులో ఒకడికి శిక్షణ ఇచ్చినది ఆ మెడ మీద మోకాలు పెట్టిన సీనియరే. ఇంకొక కుర్రాడు ‘పక్కకి తిప్పుదామా’ అని అడిగాడు. సీనియర్ వద్దన్నాడు, అతను ఊరుకున్నాడు. ఆ కుర్రాళ్ళిద్దరికీ కూడా జైలు శిక్షలు పడ్డాయి. నీ దగ్గర ప్రొబేషన్‌లో ఉన్న పిల్లల్ని ఎవరితో జత చేస్తున్నావో ఒకటికి రెండుసార్లు ఆలోచించు.

ఫిర్యాదు పట్టుకుని వచ్చే వాళ్ళతో సిబ్బంది ఎలా ఉంటున్నారో నీ గదిలో కూర్చుంటే తెలియదు. నువ్వు వస్తే అందరూ మర్యాదస్తులే. వారానికి ఐదుగురు ఫిర్యాదుదారులకి నువ్వే ఫోన్ చెయ్. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా చేతికిచ్చారా, ఎన్నిసార్లు తిప్పారు, ఎవరైనా ఏమైనా అడిగారా అని కనుక్కో. ‘అది మా పరిధిలోకి రాదమ్మా’ అనే మాట మీ రిసెప్షన్లో వినబడకూడదు. 2024 జూలై 1న వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాల్సిందే. కానిస్టేబుల్ ఆ మాట అనడానికి ఒక్కోసారి కారణం మనమే. క్రైమ్ మీటింగ్‌లో కేసులు పెరిగాయని అందరి ముందూ విసుక్కుంటే, వాడు గుమ్మం దగ్గరే కేసులు తగ్గించడం మొదలుపెడతాడు.

తప్పు చేసిన సిబ్బందికిచ్చే మెమోల గురించి ఎక్కువ రాయను. పదిసార్లు బెదిరించే కన్నా, సంజాయిషీ విని ఒక్కసారి ఇవ్వడం మేలు. పెద్దవయసు హెడ్ కానిస్టేబుల్ని ‘మీరు’ అను, నీ భుజం మీద స్టార్లేమీ రాలిపోవు. అతన్ని తిట్టాల్సి వస్తే తలుపు వేసి తిట్టు. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఎవర్నీ తిట్టొద్దు. ఆ స్క్రీన్‌షాట్ ఎస్పీ గారికంటే ముందు ఊరందరికీ చేరుతుంది. మంచి పని చేసిన వాడికి జీఎస్‌ఈ (గుడ్ సర్వీస్ ఎంట్రీ) రాయడానికి బద్ధకించకు.

ఉన్నట్టుండి మాట తగ్గించిన వాడినీ, తాగి వస్తున్న వాడినీ, అప్పుల వాళ్ళు స్టేషన్ దాకా వచ్చి అడుగుతున్న వాడినీ గమనించు. అలాంటి వాడికి ఆయుధం ఉన్న డ్యూటీ వెయ్యకు, ఇంటివాళ్ళతో మాట్లాడు. ఇది పరువు తక్కువ వ్యవహారం కాదని మిగతావాళ్ళకి అర్థమయ్యేలా చెయ్యి.

రాజకీయ నాయకుల ఫోన్లు వస్తాయి. అవి నేరుగా కానిస్టేబుళ్ళకి వెళ్ళనివ్వకు, ‘మేడమ్‌తో మాట్లాడండి’ అనమని చెప్పు. ఆ భారం నువ్వు మోస్తున్నావని తెలిస్తే వాళ్ళు నీకోసం రాత్రంతా నిలబడతారు. ఎస్‌హెచ్‌ఓకి కనీసం రెండేళ్ళు ఉండాలని ప్రకాశ్ సింగ్ కేసులో 2006లోనే తీర్పొచ్చింది గానీ, బదిలీలు నీకు తెలియనివి కావు. నీకంటే ఎక్కువ కాలం ఆ స్టేషన్లో ఉండేది సిబ్బందే, నువ్వు వెళ్ళేదాకా ఓపిక పట్టడం వాళ్ళకి బాగా వచ్చు. అందుకని ఒకేసారి ఇరవై మార్పులు పెట్టకు. చార్ట్, జీడీ, లాకప్ ఈ మూడూ గట్టిగా పట్టుకో.

సోమవారం చార్జ్ తీసుకునేటప్పుడు కేసుల్లో స్వాధీనం చేసుకున్న వస్తువులుండే కేసు ప్రాపర్టీ గది తెరిపించి, రిజిస్టరు పక్కన పెట్టుకుని ఒక్కొక్క వస్తువూ సరిచూడు. బంగారం, నగదు, ఆయుధాలు ముందు. పాతాయన తొందరపెట్టినా సంతకం పెట్టకు. తేడా ఉంటే అక్కడే రాసి, డీఎస్పీ గారికి ఆ రోజే కాపీ పంపు. సాయంత్రం అయినా పర్వాలేదు.

అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

నీ మామయ్య