ఊరు వదిలేస్తే విశ్వాసం లేనట్టేనా?

ప్రశ్న: వందనాలు అయ్యగారూ. మాది పాలకొండ దగ్గర ఊరు. అద్దె ఇంట్లో ఆదివారం పదిహేనుమందిమి ఆరాధన చేసుకుంటాం. పోయిన నెల కొందరొచ్చి ఇక్కడ ప్రార్థనలు పెట్టొద్దని అరిచి వెళ్ళారు, ఇప్పుడు ఇంటాయన ఖాళీ చెయ్యమంటున్నాడు. మా ఆయన సేవకుడు (పాస్టరు), వైజాగ్ వెళ్ళిపోదాం అంటున్నారు. నాకూ భయమే. వెళ్ళిపోతే దేవుని పని వదిలేసినట్టేనా?
- ఒక సోదరి

జవాబు: చెల్లెమ్మా, భయపడ్డావని బాధపడకు. కొరింథు పట్టణంలో తాను భయంతో వణుకుతో ఉన్నానని బైబిల్లో అపొస్తలుడు పౌలే రాసుకున్నాడు, అందుకే ప్రభువు రాత్రి దర్శనంలో "భయపడక మాటలాడుము, మౌనముగా ఉండకుము" అని చెప్పాల్సొచ్చింది, ఆ మాట పట్టుకుని ఏడాదిన్నర అక్కడే ఉన్నాడు. అదే పౌలు థెస్సలొనీకలో గొడవైతే రాత్రికి రాత్రే బయల్దేరాడు, కానీ తర్వాత తన తోటి సేవకుడు తిమోతిని వెనక్కి పంపాడు, ఉత్తరాలు రాశాడు. అందుకే మీ ఆయన్ని నేనొకటే అడుగుతా, ఆ పదిహేనుమందినీ ఎవరికి అప్పజెప్పి వెళ్తున్నావు తమ్ముడూ అని.

గజపతినగరం వైపు నేను కొత్తగా సేవ మొదలెట్టినప్పుడు ఒక రాత్రి మా తాటాకు పాక కాల్చేశారు. శనివారం సాయంత్రం బ్యాగు సర్దుకుని కూర్చున్నా, ఒక ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి "ఏటి బాబూ, రేపు కూటం నేదేటి?" అంది. అంతే, ఇంకేం అనలేదు. మర్నాడు చింతచెట్టు కింద చాపలేసుకుని ఏడుగురం కూర్చున్నాం, పక్కనే బూడిద వాసన ఇంకా పోలేదు, పాట ఎత్తుకుంటే నా గొంతు రాలేదు, ఆవిడే ఎత్తుకుంది.

ఇంకో సంగతి. మైకు పెడుతుంటే ఆపేయండి, పదిహేనుమందికి మైకెందుకు. అమ్మవారి జాతరల గురించి, పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం గురించి ఒక్క తేలిక మాట కూడా మన నోట రాకూడదు. ఎఫెసులో పౌలు బోధ మీద అంత అల్లరి జరిగినప్పుడు కూడా వీళ్ళు మన దేవతను దూషించలేదని ఆ పట్టణపు అధికారే సాక్ష్యం చెప్పాడు కదా, మన ఊళ్ళో మన గురించి అలా చెప్పేవాళ్ళు ఉండాలి. ఇంటాయన మీద కోపం వద్దు, ఆయనా భయపడ్డాడు పాపం. కానీ ఎవరైనా బెదిరించినా చెయ్యి చేసుకున్నా స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. మన రాజ్యాంగం 25వ అధికరణం శాంతిభద్రతలకు లోబడి మతాన్ని ఆచరించే, ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. ఫిలిప్పీలో దెబ్బలు తిన్నాక పౌలు కూడా తన రోమా పౌరసత్వం సంగతి గట్టిగానే అడిగాడు, అదేం అవిశ్వాసం కాదు.

ఈ ఆదివారం మీ కూటం ఎన్నింటికో రాయమ్మా, అదే టైముకి ఇక్కడ మా సంఘమంతా మోకాళ్ళ మీద ఉంటాం.