చిన్న సినిమాని చిన్న ఫైల్‌లో పంపాలంటే

ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. చాలా ఏళ్ల కిందట మా మండువా ఇంట్లో ఒక సినిమా తీశారు. పేరున్న నటులెవరూ లేరు. ఆస్తి పంపకాల దగ్గర విడిపోయిన అన్నదమ్ముల కథ. రెండు మూడు హాళ్లలో ఆడి వెళ్లిపోయింది, తర్వాత టీవీలోనూ రాలేదు. డైరెక్టర్‌గారు మా వారికి ఒక డీవీడీ ఇచ్చారు, అది ఇంకా ఉంది. హైదరాబాదులోనూ అమెరికాలోనూ ఉన్న పిల్లలూ, చుట్టాలూ చూస్తామని అడుగుతున్నారు. కంప్యూటర్లోకి ఎక్కిస్తే 4 జీబీ దాటింది, వాట్సాప్‌లో వెళ్లడం లేదు. మా మేనల్లుడు ఫోన్లో ఏదో యాప్ పెట్టి 200 ఎంబీకి తెచ్చాడు. మొహాలు అలికేసినట్టున్నాయి, ఏరంతా గళ్లు గళ్లుగా ఉంది. బొమ్మ పాడవకుండా చిన్నది చేసే దారి ఉందాండీ?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: ఉందమ్మా. 200 ఎంబీలో మాత్రం లేదు. 1 జీబీ, ఒకటిన్నర జీబీ మధ్యకు ఒప్పుకుంటే డీవీడీకీ దానికీ తేడా మీ పిల్లలు కనిపెట్టలేరు.

మీ డీవీడీలో ఉన్నదే బాగా కుదించిన బొమ్మ. 720 చుక్కల వెడల్పు, 576 ఎత్తు, సెకనుకి 25 ఫ్రేములు. దీన్ని ఏమీ కుదించకుండా దాచాలంటే సెకనుకి సుమారు 124 మెగాబిట్లు కావాలి (8 మెగాబిట్లు కలిస్తే ఒక ఎంబీ). 2 గంటల సినిమా మామూలు డీవీడీలో పట్టాలంటే 5 మెగాబిట్లకు మించి వాడలేం. అంటే అసలులో ఇరవై అయిదో వంతు. మీ మేనల్లుడి ఫైల్లో మాటలతో కలిపి సెకనుకి పావు మెగాబిట్ కూడా లేదు. ఇక మొహాలెక్కడ మిగులుతాయి?

పైగా మీ సినిమా కోనసీమలో తీసింది. వీడియోని కుదించే పద్ధతి ఏమిటంటే, ఒక ఫ్రేము పూర్తిగా దాచి, తర్వాతి వాటిలో మారినంత మేరకే దాచడం. గోడ, అరుగు, కుర్చీ కదలవు కాబట్టి వాటికి చోటు పెద్దగా అక్కర్లేదు. ఏరు అలా కాదు. ప్రతి అలా మారుతూనే ఉంటుంది. గాలికి కొబ్బరాకులన్నీ ఒకేసారి కదులుతాయి, ప్రతి ఈనె చివరా మెరుస్తుంది. పంటు మీంచి తీసిన ఒక్క షాట్‌కి, నాలుగ్గోడల మధ్య జరిగే పది నిమిషాల సీన్ కంటే ఎక్కువ ఇబ్బంది పడుతుంది ఆ సాఫ్ట్‌వేర్. చోటు చాలనప్పుడు నీళ్లని చతురస్రాలుగా కోసేస్తుంది. మీరు చూసిన గళ్లు అవే.

రెండోది చీకటి. మండువా ఇంట్లో పగలు కూడా వెలుగు పైనుంచి నడిమికి పడుతుంది, పక్క వసారాలు మసగ్గా ఉంటాయి. ఆ మసకలో నిలబడిన మనిషి చెంప మీద వెలుగు కొంచెం కొంచెంగా నీడలోకి జారుతుంది. కుదించేటప్పుడు ముందు కోతపడేది అక్కడే. మెట్లు మెట్లుగా చారలు కనిపిస్తాయి. ఫైటింగ్ సినిమాలో షాట్ రెండు సెకన్లలో మారిపోతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కుటుంబ కథలో కెమెరా ఒకే మొహం మీద ఆగి ఉంటుంది. పెద్దకోడలు మాట్లాడకుండా పెదవి బిగించడమే ఆ సీను. ఆ పెదవి కనపడనప్పుడు మీవాళ్లు చూసేది ఆ సినిమా కాదు.

పాలకొల్లులో వీడియో క్యాసెట్ల షాపు నడిపినవాణ్ణి. ఇలాంటి సినిమాలు మా షాపులో కింది అరలో ఉండేవి. అద్దెకు పెద్దగా పోయేవి కావు గానీ, తీసుకెళ్లినవాళ్లు తిరిగిచ్చేటప్పుడు కౌంటర్ దగ్గర నిలబడి వాటి గురించి మాట్లాడేవారు. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి, దాన్నుంచి ఇంకోదానికి ఎక్కించేసరికి ఎర్ర చీర అంచు దాటి రంగు పక్కకి కారేది, మాటల వెనక హోరు చేరేది. వాటిలో కొన్ని నాకు మళ్లీ ఎక్కడా కనపడలేదు. అందుకే మీ ఉత్తరం చూడగానే, ఈ ఒక్క కాపీ అయినా సరిగ్గా దాటాలని గట్టిగా అనిపించింది.

చేయవలసింది ఇది. ముందు డీవీడీలో ఉన్న ఫోల్డర్ని ఉన్నదున్నట్టు కంప్యూటర్లోకీ, ఒక హార్డ్ డిస్కులోకీ కాపీ చేయించండి. ఇళ్లలో రాసుకునే డీవీడీల్లో బొమ్మ నిలిచేది ఒక రంగుపూత మీద, అది కాలం గడిచేకొద్దీ వెలుస్తుంది. మన వైపు తేమకి డిస్కు మీద బూజు కూడా పడుతుంది. ఇంకో వానాకాలం దాకా ఆగొద్దు. అలా కాపీ చేస్తే ఏమీ తరగదు. తరిగేది మళ్లీ కుదించినప్పుడే. కాబట్టి ఎప్పుడు చిన్న ఫైల్ కావాలన్నా ఈ అసలు నుంచే చేయాలి. ఆ 200 ఎంబీ ఫైల్‌ని ఇక ఎవరికీ పంపకండి.

తర్వాత ఫోన్ యాప్ వదిలేసి కంప్యూటర్లో హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ వేయించండి, డబ్బు కట్టక్కర్లేదు. అందులో ఫైల్ రకం ఎంపీ4, కుదించే పద్ధతి హెచ్.264 ఎంచుకోవాలి. 2013లో వచ్చిన హెచ్.265 ఇంకా చిన్న ఫైల్ ఇస్తుంది, సుమారు సగానికి సగం. కానీ పాత టీవీల్లో, పాత ఫోన్లలో తెరుచుకోదు. మీ చుట్టాల్లో పెద్దవాళ్లున్నారు, 2003 నాటి హెచ్.264 అయితే దాదాపు అన్నిట్లోనూ ఆడుతుంది. సైజు ఇంత అని పెట్టకుండా, క్వాలిటీ ఇంత అని పెట్టే వీలుంది. ఆర్ఎఫ్ అని ఒక అంకె ఉంటుంది, దాన్ని 19 లేదా 20 దగ్గర ఉంచమనండి. అంకె పెరిగేకొద్దీ బొమ్మ క్వాలిటీ తగ్గుతుంది. స్పీడ్ దగ్గర స్లో పెట్టండి, రాత్రి వదిలేస్తే పొద్దుటికి అయిపోతుంది. మనిషి చెయ్యి ఊపినప్పుడు దువ్వెన పళ్లలా అడ్డగీతలు కనిపిస్తే డీఇంటర్‌లేస్ ఆన్ చేయాలి. ఇది మర్చిపోతే ఆ గీతలు కొత్త ఫైల్లో శాశ్వతంగా ఉండిపోతాయి.

మాటల దగ్గర పిసినారితనం వద్దు. ఆడియో 128 కిలోబిట్లు ఉంచండి. 2 గంటలకి దానికయ్యేది 115 ఎంబీయే. మీ సినిమాలో మన గోదావరి యాస ఉండే ఉంటుంది. అంతకంటే బాగా తగ్గిస్తే మాట చివర సాగే దీర్ఘం, గొంతు దించి అనే మాట ముందుగా పోతాయి.

సినిమా మొత్తం మీద పని మొదలుపెట్టే ముందు ప్రివ్యూ చూడండి. కొద్ది సెకన్ల ముక్క మాత్రమే తయారుచేసి చూపిస్తుంది. ఏటి షాట్ ఒకటి, చీకటి గదిలో మొహం ఒకటి తీసుకోండి. ఆ రెండూ బాగుంటే మిగతా సినిమా గురించి టెన్షన్ అక్కర్లేదు.

పంపేటప్పుడు వాట్సాప్‌లో వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా జతచేయండి. వీడియోగా పంపితే వాట్సాప్ మళ్లీ తనంతట తాను కుదిస్తుంది, మీ శ్రమంతా పోతుంది. డాక్యుమెంట్‌గా 2 జీబీ దాకా వెళ్తుంది. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకు వాడేవాళ్లకి ఈ ఒక్క ఫైల్‌తో ఆ రోజు డేటా అయిపోతుంది కాబట్టి, వైఫై ఉన్నప్పుడు దించుకోమని ముందే చెప్పండి.

ఇంత చెప్పి అసలు సంగతి వదిలేయలేను. సినిమా మీ ఇంట్లో తీశారు, డీవీడీ మీకు ఇచ్చారు. అయినా దాన్ని కాపీలు చేసి పంచే హక్కు మీకు రాదమ్మా. మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకి కర్త నిర్మాత. డైరెక్టర్‌గారే డబ్బు పెట్టి తీశారా, నిర్మాత వేరే ఉన్నారా కనుక్కోండి. వేరే ఉంటే ఆయన్నే అడగాలి. 'మా కుటుంబంలో ఇంతమందికి పంపుకుంటాం' అని రాసి, సరేనని ఆయన చేత కూడా రాయించుకోండి. మాట మీద వదిలేయొద్దు. ఇలాంటి సినిమా తీసినవాళ్లకి, ఇన్నేళ్ల తర్వాత ఎవరో ఫోన్ చేసి 'మీ సినిమా మా పిల్లలకి చూపిస్తామండీ' అంటే ఎంత సంతోషమో ఊహించండి. వాళ్ల దగ్గర ఇంతకంటే మంచి కాపీ ఉండొచ్చు, అదే మీకు ఇవ్వవచ్చు. లేదా యూట్యూబులో అందరికీ కనపడకుండా లింకు ఉన్నవాళ్లే చూసేలా పెట్టవచ్చు. అప్పుడు మీరు లింకు పంపితే చాలు. వాళ్లు వద్దంటే మాత్రం, పిల్లలు పండక్కి వచ్చినప్పుడు అందరూ కూర్చుని ఆ డీవీడీయే చూడండి.

ప్రశ్న: ఎక్కడా దొరకని చిన్న సినిమాలు 300 ఎంబీలో ఒక గ్రూపులో పెడుతున్నారు. నేనూ నా దగ్గరున్నవి పెడదామనుకుంటున్నాను. పెద్ద సినిమా కాదు కదా, ఎవరికి నష్టం?
– ఒక విద్యార్థి, నరసాపురం

జవాబు: తీసినవాడికి, తమ్ముడూ. పెద్ద సినిమా హాళ్లలో తొలివారం రాబట్టుకుంటుంది. చిన్న సినిమాకి ఆ తర్వాత ఎవరో కొంటారన్న ఆశ ఒక్కటే ఉంటుంది. అందరి ఫోన్లలో ఉన్నదాన్ని ఎవరు కొంటారు? చట్టం కూడా చిన్నాపెద్దా చూడదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా ఉన్నాయి. సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు ఉంటుంది. గోదావరి మీద తీసి 1964లో విడుదల చేసిన 'మూగ మనసులు'కి ఆ గడువు 2024తో అయిపోయింది. పాటల రచన మీద హక్కు లెక్క వేరు, అది రాసినవారి తదనంతరం 60 ఏళ్లు నడుస్తుంది. నీకు చిన్న సినిమాల మీద అంత ఇష్టముంటే ఏ సినిమా ఏ ఓటీటీలో ఉందో, ఏది నిర్మాతే యూట్యూబులో పెట్టారో వెతికి ఆ లింకులు గ్రూపులో పెట్టు. అందులో నీ మాట కూడా రెండు వాక్యాలు రాయి. ఆ పని చేసేవాళ్లు చాలా తక్కువ.

ప్రశ్న: మా నాన్నగారు కొన్న వీసీడీలు అట్టపెట్టె నిండా ఉన్నాయి. కంప్యూటర్లో ఎక్కించి పెద్దవి చేస్తే క్లారిటీ పెరుగుతుందా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: పెరగదండీ. వీసీడీలో బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 ఎత్తు మాత్రమే. లేని వివరం ఎవరూ తేలేరు. ఏఐతో సాఫు చేసే యాప్‌లు ఉన్నాయి గానీ అవి ఊహించి గీస్తాయి, నటుల మొహాలు మైనపు బొమ్మల్లా మారిపోతాయి. మీవి కుదించక్కర్లేదు కూడా, సినిమా మొత్తం రెండు మూడు డిస్కులే కదా. డిస్కులో పేరు చివర .DAT అని ఉన్న వీడియో ఫైళ్లని అలాగే కాపీ చేసి, ఫోల్డర్‌కి సినిమా పేరు, ఏడాది రాసి ఉంచండి. వీఎల్‌సీ ప్లేయర్లో నేరుగా ఆడతాయి. మొరాయించే డిస్కుని మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి తుడిచి, ఇంకో డ్రైవులో పెట్టి చూడండి.